కడుపుతో ఉన్నప్పుడు ఎసెన్షియల్ ఆయిల్స్ వాడొచ్చా? మా కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మాది చిన్న మెడికల్ షాపు. ఈ మధ్య ఫోన్‌లో ఏదో సీసా ఫొటో చూపించి "అక్కా, ఇది కడుపుతో ఉన్నోళ్లు వాడొచ్చా" అని అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. లావెండర్, టీట్రీ, పెప్పర్‌మింట్, రోజ్‌మేరీ. అడిగిన ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇంట్లో ఏ బామ్ రాస్తున్నారు, ఏ చుక్కలు తాగుతున్నారు? కొత్త సీసా అంటే అందరికీ భయమే, పదిసార్లు అడిగి గానీ మూత తీయరు. పాత డబ్బా అంటే మాత్రం ఎవరికీ అనుమానమే రాదు, కానీ రెండింట్లో ఉన్నది చాలావరకు ఒకే సరుకు. నేను ఫార్మసిస్టును, డాక్టర్‌ను కాదు, అది గుర్తు పెట్టుకుని చదవండి.

అసలు ఎసెన్షియల్ ఆయిల్ అంటే ఏంటి? కొబ్బరి నూనె లాంటిదేనా?

కాదు. కొబ్బరి నూనె, నువ్వుల నూనె గానుగ నుంచి వచ్చే జిడ్డు నూనెలు. ఎసెన్షియల్ ఆయిల్ అంటే ఆకు, పువ్వు, బెరడులో ఉండే వాసన పదార్థాన్ని ఆవిరి పట్టి లాగి దగ్గర చేసింది. నిమ్మ, నారింజలవైతే తొక్క పిండి తీస్తారు. కిలో గులాబీ నూనె రావాలంటే టన్నుల కొద్దీ పూలు కావాలి, అంత చిక్కన.

మొన్న ఒక అత్తమ్మ, కోడలు వచ్చారు. కోడలికి ఏడో నెల. చేతిలో నిమ్మ నూనె సీసా ఉంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకుందట, పొద్దున్నే నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగితే మంచిదని ఎవరో వీడియోలో చెప్పారట. నేను ఏమీ చెప్పకుండా ఒక థర్మకోల్ గ్లాసు తీసి అందులో ఆ నూనె నాలుగు చుక్కలు వేశా. కాసేపటికి అడుగున గుంట పడి, మెత్తబడి, కౌంటర్ మీదికి కారింది. అత్తమ్మ ఆ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, "బిడ్డా, ఇది నిమ్మకాయేనా" అంది. నిమ్మకాయే, కాకపోతే తొక్కలోని నూనె అంతా ఒక్కచోటికి వచ్చింది. థర్మకోల్ కరిగింది కాబట్టి కడుపు కూడా కరుగుతుందని కాదు, ఇది తాగే నూనె కాదని అర్థం కావడానికే చేశా.

వాసన చూస్తే గర్భం పోతుందా?

పోదు. పక్కింటివాళ్లు డిఫ్యూజర్ (నూనె వాసనను గదంతా చల్లే పరికరం) పెట్టారనో, పార్లర్‌లో లావెండర్ వాసన వచ్చిందనో ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. గాలిలో కాసేపు పీల్చిన దాంట్లోంచి ఒంట్లోకి పోయేది చాలా తక్కువ. ప్రమాదం జరిగినట్టు రాసిపెట్టిన కేసులు దాదాపు అన్నీ నోటితో తాగినవే. పెన్నీరాయల్ అని పుదీనా జాతి మొక్క ఒకటి ఉంది, పాశ్చాత్య దేశాల్లో దాని నూనెను గర్భం తీయించుకోవడానికి తాగేవాళ్లు. 1978లో అమెరికాలోని కొలరాడోలో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి సుమారు 30 మిల్లీలీటర్లు తాగింది. లివర్ దెబ్బతిని ప్రాణమే పోయింది. గర్భం పోయేంత మోతాదు అంటే తల్లిని కూడా చంపే మోతాదు అన్నమాట. వాసన చూడటానికీ దీనికీ పొంతనే లేదు, టెన్షన్ వదిలేయండి.

మొదటి మూడు నెలల్లో వాడొచ్చా?

ఒంటికి రాసుకోవడం ఆపేయండి. బిడ్డ గుండె, మెదడు, చేతులు, కాళ్లు తయారయ్యే సమయం అది. ఈ నూనెల్లోని అణువులు చిన్నవి, కొవ్వులో ఇట్టే కలుస్తాయి, అందుకని చర్మం దాటి రక్తంలోకి, మాయ దాటి బిడ్డ దాకా కొంతైనా పోగలవు. కడుపుతో ఉన్న ఆడవాళ్ల మీద పెట్టి పరీక్షలు చేయరు కాబట్టి "పూర్తిగా సేఫ్" అని ఎవరైనా రాస్తే నమ్మొద్దు. వాసన మాత్రం కొంచెం చూడొచ్చు. ఇంకో మాట, ఈ నెలల్లో ముక్కు మామూలుగా ఉండదు. పెళ్లప్పుడు ఇష్టపడి కొనుక్కున్న మల్లె సెంటుకే నాకు మూడో నెలలో వాంతి అయింది, తాలింపు సంగతి చెప్పక్కర్లేదు.

వేవిళ్లకు నిమ్మ వాసన పనిచేస్తుందా?

కొంత పనిచేస్తుంది. 2014లో ఇరాన్‌లో వంద మంది గర్భిణుల మీద చేసిన పరీక్ష వివరాలు వచ్చాయి. సగం మందికి నిమ్మ నూనె, సగం మందికి బాదం నూనె ఇచ్చి, వికారం వచ్చినప్పుడు దూదికి రెండు చుక్కలు అద్దుకుని వాసన చూడమన్నారు. నిమ్మ వాళ్లకు వికారం కొంచెం తగ్గింది. కొంచెమే, మాయమైపోలేదు. నన్నడిగితే సీసా కూడా అక్కర్లేదు, ఆటోలో చౌరస్తా దాటేటప్పుడు సగం కోసిన నిమ్మకాయ కర్చీఫ్‌లో పెట్టుకుంటే చాలు, గోటితో తొక్క గీరితే వచ్చేది అదే నూనె. రోజంతా వాంతులై నీళ్లు కూడా ఇమడకపోతే, మూత్రం ముదురు రంగులో వస్తుంటే మాత్రం వాసనలతో కాలం గడపొద్దు, హాస్పిటల్‌కు వెళ్లి సెలైన్ పెట్టించుకోవాలి.

ఏవి అస్సలు ముట్టుకోవద్దు?

పెన్నీరాయల్, సదాప, మాచిపత్రి జాతి నూనెలు, వర్మ్‌వుడ్, హిస్సప్, మామూలు సేజ్, పార్స్‌లీ గింజల నూనె, కర్పూర తైలం, వింటర్‌గ్రీన్. కొన్నిటిలో గర్భానికి హాని చేసేవి, కొన్నిటిలో ఫిట్స్ తెప్పించేవి ఉన్నాయి. ఇందులో సగం పేర్లు మనవాళ్లెవరూ విని ఉండరు, ఈ పేర్లతో మా దగ్గరికి ఎవరూ రారు కూడా. చివరి రెండు మాత్రం మీ ఇంట్లో ఇప్పుడే ఉండి ఉంటాయి, వాటి గురించే కింద ఎక్కువ రాశా.

నడుం నొప్పికి బామ్ రాసుకోవచ్చా?

బామ్ డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి, కనిపించకపోతే ఫోన్ కెమెరాతో పెద్దది చేసుకుని చూడండి. గంధపుర తైలం అనో, వింటర్‌గ్రీన్ అనో, మిథైల్ సాలిసిలేట్ అనో ఉంటుంది. మూడూ ఒకటే, ఆస్పిరిన్ చుట్టం. శుద్ధ వింటర్‌గ్రీన్ నూనె ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లలో సుమారు 7 గ్రాముల సాలిసిలేట్ ఉంటుంది, 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్లలు ఇరవై ఒక్కటి మింగినంత. బామ్‌లో అంత గాఢంగా ఉండదనుకోండి. ఒకరోజు తలనొప్పికి కణతల మీద బఠాణీ గింజంత రాసుకుంటే ఏమీ కాదు. కానీ ఎనిమిదో నెలలో నడుం, తొడలు, పిక్కలు అంతా రోజుకు మూడుసార్లు రుద్దించుకుని, పైన వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకుంటే లోపలికి దిగేది తక్కువేమీ కాదు, వేడికి చర్మం ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఈ జాతి నొప్పి మందులు 20 వారాలు దాటాక డాక్టర్ చెప్పకుండా వద్దని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గుతుందని. ఆ హెచ్చరిక ముఖ్యంగా మాత్రల గురించే, అయినా ఒళ్లంతా బామ్ పట్టించేవాళ్లు ఆలోచించాల్సిందే.

ఇది చదివి డాక్టర్ రాసిచ్చిన 75 లేదా 150 ఆస్పిరిన్ బిళ్ల మాత్రం ఆపేయకండి. అది బీపీ పెరగకుండా కావాలనే ఇస్తారు, దాని లెక్క వేరు.

నడుముకు గోరువెచ్చటి నువ్వుల నూనె చాలు. వాసన లేకపోతే పనిచేయదనేది మన అపోహ.

జలుబు చేసింది, విక్స్ పెట్టి ఆవిరి పట్టనా?

మొదట ఉత్త వేడినీళ్ల ఆవిరి పట్టండి. ఆవిరి క్యాప్సూల్స్‌లో, విక్స్ లాంటి వాటిలో ఉండేది కర్పూరం, మెంథాల్, నీలగిరి. గొంతు కింద, ఛాతీ మీద పలచగా రాసుకుంటే చాలామంది డాక్టర్లు వద్దనరు. ముక్కు లోపల మాత్రం రాయొద్దు, నాలుక మీద అసలే వద్దు. మా ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఇప్పటికీ నాకుతుంది, ఆవిడకు డెబ్బై దాటాయి, ఆవిడను చూసి మీరు నేర్చుకోకండి. ఇంకో సంగతి, కడుపుతో ఉన్నప్పుడు జలుబు లేకపోయినా ముక్కు దిబ్బడ ఉంటుంది, ముక్కులో రక్తనాళాలు ఉబ్బడం వల్ల. దానికి ఉప్పునీటి చుక్కలు చాలు. ఆవిరి గిన్నె ఒళ్లో పెట్టుకోకండి, బల్ల మీద పెట్టుకోండి. నూనెల కంటే ఆ వేడినీళ్లు మీద పడితేనే పెద్ద ప్రమాదం.

జిందా తిలిస్మాత్ తాగొచ్చా? మా ఇంట్లో అందరం తాగుతాం

తెలంగాణలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. 1920 నుంచి హైదరాబాద్‌లో తయారవుతున్న మందు అది, మా నాయనమ్మ బియ్యం డబ్బా పక్కన ఎప్పుడూ ఒక సీసా ఉండేది. దాంట్లో ముఖ్యమైనది నీలగిరి తైలం, దాంతోపాటు కర్పూరం, మెంథాల్, వాము పువ్వు జాతివి. అంటే ఎర్రరంగు వేసుకున్న ఎసెన్షియల్ ఆయిల్స్ సీసానే. మందును తప్పుపట్టడం లేదు, మిగతావాళ్లు వాడుకోండి. కానీ ఆన్‌లైన్‌లో కొన్న నీలగిరి నూనె తాగడానికి భయపడే మనిషి ఇదే నీలగిరిని చాయ్‌లో వేసుకుని తాగడం చూస్తే నాకు ఆశ్చర్యం. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు లోపలికి వద్దు.

హారతి కర్పూరం వాసన పడితే? పచ్చ కర్పూరం తినొచ్చా?

భద్రకాళి గుడిలో హారతి కళ్లకద్దుకుంటే ఏమీ కాదు. ప్రసాదంలో పడే పచ్చ కర్పూరం చిటికెలో పదో వంతు, ఒక లడ్డూతో ఏమీ కాదు. కర్పూరం కొబ్బరి నూనెలో కాచి పొట్ట మీద, నడుము మీద రోజూ రుద్దడం, దగ్గుకు బిళ్ల నోట్లో వేసుకోవడం, ఇవీ వద్దన్నవి. కర్పూరం లోపలికి పోతే గంటలోపే ఫిట్స్ రావచ్చు, మాయ దాటి బిడ్డ దాకా పోతుంది కూడా. అమెరికాలో ఒకప్పుడు ఆముదం అనుకుని పక్కనున్న కర్పూర తైలం సీసా ఎత్తి తాగిన గర్భిణులు ఉన్నారు, చివరికి 1980ల మొదట్లో ఆ తైలం అమ్మకాన్నే ఆపేశారు. మన ఇళ్లలోనూ రెండు సీసాలూ ఒకే అరలో ఉంటాయి, పేరు రాసి అంటించండి.

ఎంత కలపాలి? ఎన్ని చుక్కలు?

నాలుగో నెల తర్వాత, డాక్టర్ సరే అన్నాక, ఒక శాతం దాటకుండా. లెక్క సులువు. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటర్. దగ్గు మందు సీసా మీద కొలత మూత ఉంటుంది కదా, అందులో 10 మిల్లీలీటర్ల గీత దాకా నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ పోసి రెండు చుక్కలు కలపండి. రెండే. "వాసన రావట్లేదు" అని ఇంకో నాలుగు వేసేవాళ్లే ఎక్కువ. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి. నీళ్లలో కలిపితే కలవదు, పైన తేలి అచ్చంగా ఒంటికి అంటుకుంటుంది, కాబట్టి బకెట్ నీళ్లలో చుక్కలు వేసుకుని స్నానం కూడా వద్దు. లావెండర్, నారింజ, చామంతి జాతి కామొమైల్, ఈ నాలుగో నెల తర్వాత సాధారణంగా ఫర్వాలేదనేవి ఇవే.

డిఫ్యూజర్ రాత్రంతా పెట్టుకోవచ్చా?

వద్దు. నేను చేసిన తప్పే ఇది. రెండో కాన్పు ముందు మే నెల, ఏసీ వేసి తలుపులు మూసి, నిద్ర పడుతుందని లావెండర్ పెట్టుకుని పడుకున్నా. రెండింటికి తల పగిలిపోతూ లేచా, బాత్రూమ్ దాకా కూడా వెళ్లలేదు, మంచం పక్కనే వాంతి. పాపం మా ఆయన ఆ సీసాను తీసుకెళ్లి మేడ మీద నీళ్ల ట్యాంక్ వెనక దాచాడు, ఇప్పటికీ అక్కడే ఉందేమో. పదిహేను నిమిషాలు, మహా అయితే అరగంట, కిటికీ తెరిచి పెట్టుకోండి. ఇంట్లో ఆస్తమా వాళ్లుంటే అసలే వద్దు. అదే గదిలో అగరుబత్తి, దోమల కాయిల్ కూడా వెలుగుతుంటే డిఫ్యూజర్ గురించి అడగడమే దండగ, ముందు ఆ పొగ ఆపండి.

ఎండకూ ఈ నూనెలకూ సంబంధం ఉందా?

ఉంది. నిమ్మ, బెర్గమోట్ లాంటివి తొక్క పిండి తీసిన నూనెలైతే, రాసుకున్న చోట ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు వచ్చి నల్ల మచ్చలు పడతాయి. మన వరంగల్ ఎండలకు చెప్పాలా. కడుపుతో ఉన్నప్పుడు ముఖం మీద మంగు ఎటూ వస్తుంది, దానికి తోడు ఇది ఎందుకు.

దోమలకు ఆడోమాస్ వద్దని నిమ్మగడ్డి నూనె రాసుకుంటున్నా, మంచిదేనా?

వాసన బాగుంటుంది, దోమ మాత్రం అరగంటకో గంటకో మళ్లీ వస్తుంది. వానాకాలం డెంగ్యూ, మలేరియా కడుపుతో ఉన్నవాళ్లకు మామూలు వాళ్లకన్నా చాలా ప్రమాదం, కాబట్టి ఇక్కడ "సహజం" అని మొండికేయకండి. డీట్, పికారిడిన్ ఉన్న క్రీములు లేబుల్ ప్రకారం గర్భిణులు వాడొచ్చని అమెరికా ఆరోగ్య సంస్థలే చెబుతున్నాయి. అన్నిటికన్నా దోమతెర మేలు.

పంటి నొప్పికి లవంగ నూనె?

దూదికి ఒక్క చుక్క, ఆ పన్ను మీదే, ఒక పూట. చిగురుకు తగిలితే కాలుతుంది, మింగకూడదు. అసలు పని డెంటిస్టు దగ్గర ఉంది. కడుపుతో ఉన్నప్పుడు పన్ను చూపించుకోవద్దనేది తప్పుడు మాట, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఇంకా వీలు.

నొప్పులు రావడానికి క్లారీ సేజ్ గానీ ఆముదం గానీ?

క్లారీ సేజ్ అనే మొక్క నూనె కాన్పు నొప్పులు తెప్పిస్తుందని గట్టి రుజువు లేదు, అయినా ముందుజాగ్రత్తగా 37 వారాల లోపు వద్దంటారు. ఆముదం ఎసెన్షియల్ ఆయిల్ కాదు గానీ మనవాళ్లు అడగకుండా ఉండరు. తాగితే దాంట్లోని రిసినోలిక్ ఆమ్లం పేగులనూ గర్భసంచినీ రెండింటినీ ముడుచుకునేలా చేస్తుందని 2012లో తేల్చారు. అందుకే విరేచనాలు, వాంతులు, నీరసం, అసలు నొప్పులో కడుపు నొప్పో తెలియని అయోమయం. ఇంట్లో తాగొద్దు, ముందు సిజేరియన్ అయినవాళ్లు అసలే తాగొద్దు. తలకు, మడమలకు రాసుకోండి, అది వేరే.

ఇక కాన్పు గదిలో వాసనల సంగతి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ హాస్పిటల్‌లో 1990 నుంచి 1998 వరకు 8058 మంది తల్లులకు లావెండర్ లాంటి నూనెలు మంత్రసానులే ఇచ్చి చూశారు. చాలామందికి భయం, ఆందోళన తగ్గాయన్నారు, ఇబ్బంది పడ్డవాళ్లు నూటికి ఒక్కరు. కాకపోతే పోల్చడానికి నూనె ఇవ్వని వాళ్లను చీటీ వేసి విడదీసిన పరీక్ష కాదది. నొప్పి తగ్గిస్తుందని గట్టిగా చెప్పడానికి ఇప్పటికీ సరిపడా ఆధారం లేదు. మన దగ్గర ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పక్క మంచం మీద ఇంకో తల్లి ఉంటుంది, ఆవిడకు ఆ వాసన పడకపోవచ్చు, కర్చీఫ్‌కు ఒక చుక్క చాలు.

ఎవరు పూర్తిగా దూరంగా ఉండాలి?

ఫిట్స్ ఉన్నవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు, ముందు అబార్షన్లు అయినవాళ్లు, ఈసారి బ్లీడింగ్ కనిపించినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు. జీ6పీడీ లోపం (కొన్ని పదార్థాలు తగిలితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్న కుటుంబాలైతే కర్పూరం, మెంథాల్, బట్టల్లో వేసే నాఫ్తలీన్ గోళీలు కూడా వద్దు.

జుట్టు రాలుతోంది, రోజ్‌మేరీ నూనె?

కడుపుతో ఉన్నప్పుడు జుట్టు ఒత్తుగా అవుతుంది, రాలేది కాన్పు అయ్యాక మూడో నెల నుంచి. అది దానంతట అదే ఆగుతుంది. రోజ్‌మేరీలో కర్పూరం ఉంటుంది, ఇప్పుడు అవసరం లేదు.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

గులాబీ నూనె నూట యాభై రూపాయలకు వచ్చిందంటే అది గులాబీ కాదు, సెంటు. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, తేదీ, ముదురు రంగు గాజు ఉండాలి. "నూటికి నూరు శాతం సహజం" అని పెద్ద అక్షరాలు ఉండటం రుజువేమీ కాదు.

పొరపాటున తాగేశారు, ఏం చేయాలి?

వాంతి చేయించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా కష్టం. పాలు, పెరుగు పట్టించి చూద్దామని కూర్చోవద్దు. సీసా చేతిలో పట్టుకుని 108కి ఫోన్ చేసి ఎంజీఎంకో దగ్గర్లోని పెద్ద హాస్పిటల్‌కో వెళ్లండి. ఆ సీసా లేబులే డాక్టర్‌కు సగం పని తగ్గిస్తుంది.

బిడ్డ పుట్టాక? స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయొచ్చా?

బిడ్డ ముఖం దగ్గర నీలగిరి, పుదీనా, కర్పూరం ఉన్నదేదీ వద్దు, రెండేళ్లలోపు పిల్లలకు మెంథాల్ ఘాటుకు ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుపోవచ్చు. ఊయలకు కర్పూరం మూట కట్టడం కూడా మానేయండి. రొమ్ముకు ఏ నూనె రాసినా అది బిడ్డ నోట్లోకే పోతుంది. సాంబ్రాణి దగ్గర అత్తమ్మలతో గొడవ అవుతుందని నాకు తెలుసు, మా ఇంట్లోనూ అయింది. చివరికి కుదిరిన ఒప్పందం ఏంటంటే, బాలింత తల ఆరబెట్టుకోవడానికి వరండాలో సాంబ్రాణి వేస్తారు, బిడ్డను లోపలి గదిలో తలుపు వేసి పడుకోబెడతారు, పొగంతా పోయాక గానీ తల్లి దగ్గరికి తీసుకురారు. మా అత్తమ్మ మొదటి వారం సణిగింది, రెండో వారం నుంచి తలుపు తనే వేసేది.